ముష్టియుద్ధముపై రాష్ట్రాధికారము: అమెరికా కమిషన్ల నియామకము, సిబ్బంది

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1967వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన అమెరికాలోని హ్యూస్టన్ నగరమందు ముహమ్మద్ అలీ అను ముష్టియోధుడు సైన్యములో చేరుటకు నిరాకరించెను. అప్పటికింకను అతనిపై విచారణ జరుగలేదు, శిక్ష పడలేదు. అయినను కొన్ని గంటలలోపల, అక్కడికెంతో దూరముననున్న న్యూయార్కు రాష్ట్రపు అథ్లెటిక్ కమిషను అతని లైసెన్సును నిలిపివేసి, ప్రపంచ విజేతగా అతనిని గుర్తింపమని ప్రకటించెను. తక్కిన రాష్ట్రములును అదే దారి పట్టినవి. మూడేండ్లకు పైగా ఆ యువకుడు గోదాలో అడుగు పెట్టలేకపోయెను. ముష్టియోధునికి ఇరువదియైదు మొదలు ఇరువదియెనిమిది వరకు గల వయస్సు ఎట్టిదో తెలిసినవారికి ఆ మూడేండ్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతటి పని చేసినది న్యాయస్థానము కాదు, పోలీసు శాఖ కాదు. గవర్నరు నియమించిన కొలదిమంది సభ్యులు గల ఒక చిన్న కార్యాలయము. అట్టి కార్యాలయము ఎట్లు పుట్టినది, అందు సభ్యులను ఎవరు నియమింతురు, వారి క్రింద పని చేయువారెవరు అనునదే నేటి విషయము. ఫైళ్ళతోను, నియామకపు నిబంధనలతోను జీవితము గడుపు ఉద్యోగులకు ఇందు ఆసక్తికరమైన అంశములు కొన్ని కలవు.

మన గ్రామములలో తిరునాళ్ళకు, జాతరలకు కుస్తీలు జరుగుట అందరికిని పరిచితమే. అచ్చట గోదా ఊరివారిది, తీర్పు పెద్దలది, వస్తాదు మాటకు గౌరవము ఉండును. ఓడినవాడు దుమ్ము దులుపుకొని మరుసటి యేడు మరల వచ్చును. టిక్కెట్లు లేవు, కోట్లాది పందెములు లేవు. డబ్బు ప్రవేశించిన చోటనే ప్రభుత్వము ప్రవేశింపవలసిన అవసరము కలిగినది.

న్యూయార్కు చరిత్రయే ఇందుకు మంచి సాక్ష్యము. అచ్చట ముష్టియుద్ధమును చట్టము ఒకమారు అనుమతించుట, మరియొకమారు నిషేధించుట జరుగుచుండెను. 1896లో హోర్టను చట్టము అనుమతించెను. 1900లో అది రద్దయ్యెను. 1911లో ఫ్రాలీ చట్టము వచ్చి మొదటిమారు రాష్ట్ర కమిషను నొకదానిని ఏర్పరచెను. కాని ఆ చట్టము క్రింద పోటీ పది రౌండ్లకు మించరాదు. పూర్తికాలము సాగిన పోటీకి తీర్పు చెప్పరాదు! తీర్పు ఉన్నచో పందెములు పెరుగునని వారి భయము. జరిగినదేమి? పందెములు ఆగలేదు. మరునాటి పత్రికలలో విలేఖరులు వ్రాసిన అభిప్రాయమునే తీర్పుగా తీసికొని జనులు పందెపు సొమ్ము చెల్లించుకొనిరి. ప్రభుత్వము తన న్యాయనిర్ణేతను నియమింపనిచో ఆ పీఠము ఖాళీగా ఉండదు, మరియొకడు వచ్చి కూర్చుండును. విలేఖరికి లంచమిచ్చుట న్యాయనిర్ణేతకు ఇచ్చుటకంటె సులభమని నాటి నిర్వాహకులకు తెలియకపోలేదు. 1917లో ఆ చట్టమును రద్దయ్యెను.

1920లో వచ్చిన వాకరు చట్టము నేటి వ్యవస్థకు పునాది. దానిని ప్రవేశపెట్టిన జేమ్స్ వాకరు తరువాత న్యూయార్కు నగర మేయరయ్యెను. గవర్నరు ఆల్ స్మిత్తు సంతకము చేసెను. దీని ముఖ్య సూత్రము సులభమైనది: గోదాతో సంబంధమున్న ప్రతివాడును లైసెన్సు పొందవలెను. యోధుడు, అతని మేనేజరు, మూలలో నిలిచి నీరందించువాడు, రిఫరీ, న్యాయనిర్ణేత, పోటీని ఏర్పరచు ప్రమోటరు, అందరును. లైసెన్సు ఇచ్చునది కమిషను, తీసివేయునది కమిషను. ఇతర రాష్ట్రములు కొంచెము హెచ్చుతగ్గులతో ఈ పద్ధతినే అనుసరించినవి.

ఇక నియామకమునకు వత్తము. ఇచ్చట ఒక్క మాట స్పష్టము చేయవలెను. అమెరికాలో గవర్నరనగా మన గవర్నరు వంటివాడు కాడు. అతడు రాష్ట్ర ప్రజలచే నేరుగా ఎన్నుకొనబడిన పాలకుడు; మన ముఖ్యమంత్రితో పోల్చదగినవాడు; రాజకీయ పక్షమునకు చెందినవాడు. న్యూయార్కులో ఆ గవర్నరే రాష్ట్ర సెనేటు సమ్మతితో కమిషను సభ్యులను నియమించును, వారిలో ఒకరిని అధ్యక్షునిగా నిర్ణయించును. పూర్వము సభ్యులు ముగ్గురు, 2016లో ఐదుగురైరి. నెవాడా రాష్ట్రములో 1941లో ఏర్పడిన కమిషనుకు ఐదుగురు సభ్యులు, మూడేండ్ల పదవి, నియమించువాడు గవర్నరే. కాలిఫోర్నియా వారు కొంచెము జాగరూకులు. ఏడుగురిలో ఐదుగురిని గవర్నరు, ఒకరిని సెనేటు నిబంధనల సంఘము, ఒకరిని శాసనసభ స్పీకరు నియమింతురు. అధికారము ఒక్క చేతిలో ఉండరాదను భావము ఇందు కనబడును.

మన యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషనుతో దీనిని పోల్చి చూచిన భేదము స్పష్టమగును. మన రాజ్యాంగము 316వ అధికరణము ప్రకారము సభ్యులను రాష్ట్రపతి నియమించును. ఆరేండ్లు గాని అరువదియైదేండ్ల వయస్సు వరకు గాని పదవిలో ఉందురు. దాదాపు సగముమంది పదేండ్ల ప్రభుత్వోద్యోగానుభవము గలవారై ఉండవలెను. పదవి ముగిసిన పిమ్మట అధ్యక్షుడు మరల ప్రభుత్వోద్యోగము చేపట్టరాదు. అమెరికా ముష్టియుద్ధ కమిషన్లకు ఇట్టి కంచెలు లేవు. పోటీలతో ఆర్థిక సంబంధము ఉండరాదను నియమము కలదు. అది మంచి నియమమే. కాని పరీక్ష లేదు, పూర్వానుభవపు షరతు లేదు. సభ్యులలో న్యాయవాదులు, వైద్యులు, వ్యాపారులు ఉందురు. పెక్కుచోట్ల వారికిది పూర్తికాలపు ఉద్యోగము కాదు.

ఇట్టి పదవి రాజకీయ బహుమానముగా మారుట సహజము. 1920లలో న్యూయార్కు కమిషనుకు అధ్యక్షత వహించిన జేమ్స్ ఫార్లీ డెమోక్రాటిక్ పక్షపు ప్రముఖుడు. 1933లో రూజ్‌వెల్టు అధ్యక్షుడైనప్పుడు ఫార్లీ అమెరికా దేశపు పోస్టుమాస్టరు జనరలయ్యెను. తపాలా శాఖవారు ఈ సభలో ఉన్నచో గమనింతురుగాక: ఆ దినములలో ఆ దేశమున పోస్టుమాస్టరు జనరలనగా ఉత్తరముల బట్వాడాకంటె పదవుల బట్వాడాకే ప్రసిద్ధుడు. అయినను ఫార్లీకి న్యాయము చేయవలెను. ఛాంపియను జాక్ డెంప్సీ, నీగ్రో యోధుడైన హారీ విల్సుతో పోరాడి తీరవలెనని అతని కమిషను పట్టుబట్టెను. విల్సు అర్హుడని ఎల్లరును ఎరుగుదురు. వర్ణభేదము వలన అతనికి అవకాశము దక్కలేదు. ఫలితమేమనగా, 1926లో డెంప్సీ, జీన్ టన్నీల పోటీ న్యూయార్కును విడిచి ఫిలడెల్ఫియాకు పోయెను. లక్షకు మించిన జనము చూచిరి. విల్సుకు ఆ అవకాశము ఎన్నడును రాలేదు.

ఇచ్చట ఈ వ్యవస్థలోని పెద్ద లోపము బయటపడుచున్నది. ఒక రాష్ట్రము కాదన్నచో ప్రమోటరు ప్రక్క రాష్ట్రమునకు పోవును. కఠినముగా ఉన్న రాష్ట్రమునకు పన్ను నష్టము, మెత్తగా ఉన్నదానికి లాభము. ముహమ్మద్ అలీ కథలో ఇదే లోపము ఒక అన్యాయమునకు విరుగుడైనది. జార్జియా రాష్ట్రములో అట్టి రాష్ట్ర కమిషనే లేదు. అందుచేత అట్లాంటా నగరాధికారుల అనుమతితో 1970 అక్టోబరు 26న అతడు జెర్రీ క్వారీతో పోరాడి గెలిచెను. నిషేధించుటకు అధికారియే లేని చోట నిషేధమెక్కడిది?

అదే కాలమున న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానమునకు అతని వ్యాజ్యము వెళ్ళెను. అతని న్యాయవాదులు కమిషను రికార్డులనే తీసి చూచిరి. నేరములకు, సైనిక నేరములకు శిక్షింపబడినవారికి కమిషను లైసెన్సులిచ్చిన సందర్భములు 244కు తక్కువ కాకుండ తేలినవి! దొంగకు దొరికిన లైసెన్సు, మనస్సాక్షి చెప్పినదని యుద్ధమునకు పోనివానికి దొరకలేదు. సమాన రక్షణను గురించిన రాజ్యాంగ సూత్రమునకు ఇది విరుద్ధమని న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డు తీర్పు చెప్పి లైసెన్సు ఇప్పించెను. మన 14వ అధికరణము గుర్తున్నవారికి ఈ తర్కము క్రొత్తది కాదు. కార్యాలయపు పాత ఫైళ్ళు ఎంతటి సాక్ష్యము చెప్పగలవో కూడ ఇందువలన తెలియును.

సభ్యుల సంగతి ఇట్లుండగా, నిజముగా పని చేయువారు వేరు. కమిషను సమావేశములు అప్పుడప్పుడు జరుగును. ప్రతిదిన కార్యమును ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు నడుపును. కాలిఫోర్నియాలో ఆ పదవికి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరని పేరు. నెవాడాలో మార్క్ రాట్నరు 1992 మొదలు 2006 వరకు ఈ పదవిలో ఉండెను. గవర్నర్లు మారిరి, సభ్యులు మారిరి. రాట్నరు మాత్రము మారలేదు. పోటీకి అనుమతి, యోధుల పూర్వ చరిత్ర, వైద్య పత్రములు, రిఫరీల జాబితా, అన్నియు ఆ బల్లమీదుగనే పోవలెను.

అతని క్రింద ఇన్స్పెక్టర్లు. వీరిలో పెక్కుమంది పగలు వేరు ఉద్యోగములు చేసికొని, పోటీ రాత్రి కొలది భత్యమునకు వచ్చువారు. యోధుడు దుస్తులు మార్చుకొను గదిలో కూర్చుండి, చేతులకు గాజుగుడ్డ, టేపు చుట్టుట కనిపెట్టి చూచుట, సరిగా ఉన్నచో దానిపై సంతకము చేయుట, గ్లవుసులు పరీక్షించుట, మూలలోని నీటి సీసాలో నీరే ఉన్నదా అని చూచుట, పోటీ ముగిసిన పిదప మూత్ర పరీక్షకు యోధుని తోడ్కొనిపోవుట వీరి విధులు. చిన్న పనులని తోచవచ్చును. 2009 జనవరి 24న లాస్ ఏంజెలిస్‌లో ఆంటోనియో మార్గరీటో చేతికట్టులలో గట్టిపడిన పదార్థము గల మెత్తలు ఉన్నవని ప్రత్యర్థి షేన్ మోస్లీ శిక్షకుడు గుర్తించి పట్టుబట్టెను. ఆ మెత్తలను తీయించి, క్రొత్త కట్టు కట్టించి పోటీకి పంపిరి. మార్గరీటో ఓడెను. తరువాతి నెలలో కమిషను ఏకగ్రీవముగా అతని లైసెన్సును, అతని శిక్షకుని లైసెన్సును రద్దు చేసెను. అయితే ఆ మెత్తలను మొదట కనిపెట్టినది ఇన్స్పెక్టరు కాదు, ఎదుటి పక్షపువాడు. అతడు ఆనాడు గదిలో లేకున్న ఏమగునో ఊహింపవచ్చును.

రిఫరీ, న్యాయనిర్ణేతల ఎంపిక అన్నిటికంటె చిక్కైనది. 1997 జూన్‌లో మైక్ టైసన్, హోలీఫీల్డుల రెండవ పోటీకి నెవాడా కమిషను మొదట మిచ్ హాల్పర్నును రిఫరీగా నిర్ణయించెను. టైసన్ పక్షము అభ్యంతరము చెప్పెను. హాల్పర్ను తానే తప్పుకొనెను. రీనో నగరపు జిల్లా న్యాయమూర్తియైన మిల్స్ లేనును నియమించిరి. టైసన్ ప్రత్యర్థి చెవి కొరికినప్పుడు అతనిని అనర్హుడని తేల్చినది ఆ న్యాయమూర్తియే. జూలై 9న కమిషను టైసన్ లైసెన్సును రద్దు చేసి ముప్పది లక్షల డాలర్ల జరిమానా విధించెను. అది అతని పారితోషికములో పదవ వంతు. చట్టము అనుమతించిన గరిష్ఠ పరిమితి అంతే. పదునైదు నెలలకు లైసెన్సు తిరిగి ఇచ్చిరి. ఒక్క సభ్యుడు మాత్రము వ్యతిరేకించెను.

ఇందొక సందేహము కలుగక మానదు. నెవాడా ప్రభుత్వము టిక్కెట్ల వసూలుపై పన్ను తీసికొనుచున్నది. ఇప్పుడది నూటికి ఎనిమిది. పోటీలు జరుగునది జూదశాలలకు ప్రసిద్ధమైన లాస్ వేగస్‌లో. జనమును రప్పించు యోధుని ఎంతకాలము వెలుపల ఉంచగలరు? కమిషను సభ్యులు నిజాయితీపరులే కావచ్చును. కాని వారిని నియమించిన ప్రభుత్వమునకు ఆ ఆటలో వాటా కలదు.

1996లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టము రాష్ట్రముల మధ్యనున్న కంతలను కొంతవరకు పూడ్చెను. కమిషను లేని రాష్ట్రములో పోటీ జరుగవలెనన్న వేరొక రాష్ట్రపు కమిషను పర్యవేక్షణ ఉండవలెను. గోదా ప్రక్క వైద్యుడు, అంబులెన్సు సిద్ధముగా ఉండవలెను. ఒక రాష్ట్రము నిలిపివేసినవానిని మరియొకటి గౌరవించి ఆపవలెను. 2000లో అలీ పేరనే వచ్చిన మరియొక చట్టము ప్రకారము రిఫరీలు, న్యాయనిర్ణేతలు ఆ రాష్ట్ర కమిషను ఆమోదము పొందినవారై ఉండవలెను. జార్జియాలో లాభపడిన అలీ పేరిట ఆ చట్టము వచ్చుట ఒక వింత.

వైద్యుల విషయమున మాత్రము ఈ చరిత్ర దుఃఖకరము. 1962 మార్చి 24న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఎమిల్ గ్రిఫిత్ చేతిలో దెబ్బలు తిని క్యూబా దేశీయుడు బెన్నీ పారెట్ స్పృహ తప్పెను. ఏప్రిల్ 3న మరణించెను. మూడున్నర నెలల క్రిందటనే లాస్ వేగస్‌లో అతడు దారుణముగా నేలకొరిగియుండెను. అయినను న్యూయార్కులో పోరాటమునకు తగినవాడని అనుమతి దొరకెను. రిఫరీ పోటీని ఆపుటలో ఆలస్యము చేసెనని లోకము నిందించెను. కమిషను విచారించి అతని తప్పు లేదనెను. నియమించినవాడే విచారణాధికారియైనచో ఎట్లుండునో శాఖాపరమైన విచారణలు ఎరిగినవారు ఊహింపగలరు. ఆ రిఫరీ నిర్దోషియే కావచ్చును; కాని అది తేల్చవలసినది వేరొకరు.

యోధులనే కమిషనుకు పెద్దలుగా చేసిన మేలని కొందరందురు. న్యూయార్కులో ఆ ప్రయోగమును జరిగినది. 1980లలో మాజీ ఛాంపియను హోసే టోరెస్ అధ్యక్షుడై చురుకుగా పని చేసెను. 1995లో గవర్నరు పటాకీ, మరియొక మహాయోధుడైన ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను అధ్యక్షునిగా నియమించెను. ఎల్లరి గౌరవమునకును పాత్రుడైన సౌమ్యుడతడు. 1998లో అల్టిమేట్ ఫైటింగు నిషేధమునకు సంబంధించిన వ్యాజ్యములో న్యాయవాదులు అతనిని ప్రశ్నించిరి. తాను ఎవరిని ఓడించి ఛాంపియనైనాడో అతనికి గుర్తు రాలేదు. కమిషనులో తనతో పనిచేయువారి పేర్లును జ్ఞప్తికి రాలేదు. కొలది దినములలో రాజీనామా చేసెను. జీవితకాలము తలపై తిన్న దెబ్బలకును ఆ మరపునకును గల సంబంధమును తలంచినవారికి గుండె బరువెక్కక మానదు. తప్పు ప్యాటర్సన్‌ది కాదు. పేరును చూచి నియమించి, మనిషిని చూడనివారిది. గోదా తెలియనివాడు కమిషను సభ్యుడైన పెద్ద ప్రమాదము లేదు, అడిగి తెలిసికొనును. కార్యాలయము నడుపలేని స్థితిలోనున్నవాడు దానికి అధిపతియైన, అతని సంతకము క్రింద ఎవరో పని చేయుదురు, ఎవరో తెలియదు.

2013 నవంబరు 2న అదే గార్డెనులో రష్యా దేశీయుడు మగొమెద్ అబ్దుసలామోవ్ పది రౌండ్లు పోరాడి ఓడెను. ముఖము వాచినది, తలనొప్పి. మూత్రములో రక్తము చూచిన ఇన్స్పెక్టరు ఆసుపత్రికి పొమ్మనెను. చట్టము ప్రకారము అంబులెన్సు అచ్చట ఉన్నది. కాని ఆ యోధుడు ఆసుపత్రికి పోయినది టాక్సీలో. మెదడులో రక్తము గడ్డకట్టినది, శస్త్రచికిత్స జరిగినది, ప్రాణము నిలిచినది, కాని మాటయు, నడకయు పోయినవి. 2016లో రాష్ట్ర ఇన్స్పెక్టరు జనరల్ నివేదిక, కమిషనులో పెక్కు విధానములు లేనే లేవనియో, ఉన్నవి కాలము చెల్లినవనియో తేల్చెను. 2017లో రాష్ట్రము ఆ కుటుంబమునకు రెండు కోట్ల ఇరువది లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. ఆ రాత్రి అచ్చట వైద్యులు లేకపోలేదు, ఇన్స్పెక్టర్లు లేకపోలేదు. ఎవరు ఎవరికి చెప్పవలెనో వ్రాసిన కాగితము లేదు. ఆఫీసు ఆర్డరును ఎగతాళి చేయువారు ఈ ఉదంతమును ఒకమారు చదువవలెను.

ఆ 2016లోనే న్యూయార్కు, మిశ్రమ యుద్ధ క్రీడను కూడ చట్టబద్ధము చేసి, సభ్యుల సంఖ్యను పెంచి, మెదడు గాయములకు పది లక్షల డాలర్ల బీమా ప్రమోటరు కట్టవలెనని విధించెను. ప్రమోటర్లు గగ్గోలు పెట్టిరి, చిన్న పోటీలు తగ్గినవి. తగ్గిన తగ్గనిమ్మని చెప్పగలిగిన ధైర్యము ఒక్కొక్కమారు ప్రభుత్వమునకు అవసరము.

మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేతయైనది. కాని అది ఔత్సాహిక క్రీడల మార్గము, సమాఖ్యల అధీనములోనిది. పైన చెప్పిన లైసెన్సుల వ్యవస్థ జీవనోపాధికై పోరాడువారికి సంబంధించినది.

అట్టివారికై కాలిఫోర్నియా కమిషను 1982 నుండి ఒక పింఛను నిధిని నడుపుచున్నది. టిక్కెట్టుకు కొన్ని సెంట్ల చొప్పున వసూలు చేసి, నిర్ణీత రౌండ్లు పోరాడినవారి పేర జమకట్టి, వయస్సు వచ్చినప్పుడు ఇత్తురు. తమ పేర సొమ్మున్నదని తెలియనివారు, చిరునామాలు మారినవారు, దేశము విడిచినవారు పెక్కుమంది. ఆ పాత యోధులు ఎచ్చట ఉన్నారో వెదకి ఉత్తరములు వ్రాయుట కూడ ఇప్పుడు ఆ కార్యాలయపు పనులలో ఒకటి.